రబ్బరు బీరువాలో రెండు గుడ్లు

ఆ రోజుల్లో నేను భయపడని వస్తువంటూ ఉండేది కాదు. బస్సులో కండక్టరు నావైపు వస్తే టిక్కెట్టు చేతిలోనే ఉన్నా భయం. ఆఫీసులో ఫోను మోగితే నన్నే పిలుస్తారేమోనని భయం, మోగకపోతే అది పాడైపోయి ఆ పాపం నా మీదికొస్తుందేమోనని భయం. మా అమ్మ దీనికి నెమ్మదితనం అని పేరు పెట్టి చుట్టాలకు గొప్పగా చెప్పుకునేది (మావాడు ఎవరినీ పల్లెత్తు మాట అనడండీ, అని. అనడానికి నోరు పెగిలితే కదా). ఇప్పుడు పదిమందిలో గొంతెత్తి మాట్లాడే నన్ను చూసినవాళ్లు ఈ మాట నమ్మరు. ఆ భయాలన్నీ ఒక ఎత్తు, రెండు ఉడకబెట్టిన కోడిగుడ్లు నాకు పెట్టిన భయం ఒక ఎత్తు. చెబితే నవ్వుతారు. నవ్వండి, ఇప్పుడు నేనూ నవ్వుతూనే చెబుతున్నాను. అప్పుడు మాత్రం పురానాపూల్ వంతెన మీద నిలబడి, మూసీ ఒక్కసారి పొంగి మా కంపెనీని బీరువాతో సహా ఎత్తుకుపోతే బాగుండునని మనసారా కోరుకున్నాను.

ఎనభైల మొదట్లో సంగతి. నాన్నగారి ఉద్యోగం కోసం కోస్తా నుంచి వచ్చి సంతోష్‌నగర్‌లో అద్దెకుంటున్నాం. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసి ఖాళీగా ఉన్న నాకు పురానాపూల్ దగ్గర ఒక పాత ఇంటి పై అంతస్తులో నడిచే చిన్న కంపెనీలో ఉద్యోగం దొరికింది. ఆ ఇల్లూ, కంపెనీ మా యజమాని సేట్‌జీవి. నాలుగు తరాలుగా బట్టల వ్యాపారం వాళ్లది, కింద ఇప్పటికీ బట్టల గోదామే. పైన శుభలేఖలు అచ్చువేసే పని నడిచేది. ఒకరోజు ఎవరో విదేశం నుంచి తెచ్చిన యంత్రాన్ని సేట్‌జీ చూశారట. దానికి పైకి పొడుచుకొచ్చే బటన్లు లేవు. పలచని ప్లాస్టిక్ రేకు మీద అంకెలు అచ్చేసి ఉన్నాయి, అంకె మీద వేలు పెట్టి నొక్కితే యంత్రం మాట వింటోంది. ఊడదీయించి చూస్తే లోపలున్నవి రెండు ప్లాస్టిక్ రేకులు, వాటి మీద వెండి పొడి కలిపిన ఇంకుతో వేసిన గీతలు, అవి ఊరికే ఒకదాన్నొకటి తగలకుండా మధ్యలో చిల్లులున్న ఇంకో రేకు. నొక్కినప్పుడు పై వెండి ఆ చిల్లులోంచి కింది వెండిని తాకుతుంది, కరెంటు పారుతుంది. అంతే. "ఇది మన శుభలేఖ పనే గదా" అన్నారట సేట్‌జీ. అలా శుభలేఖలు అచ్చువేసే చాచా ఒక్క వారంలో కీప్యాడ్లు అచ్చువేసే చాచా అయిపోయాడు.

చాచాకు అప్పటికి అరవై దగ్గర పడుతోంది. ఇల్లు రెండు గల్లీల అవతలే. ఇంకు కలపడంలో ఆయనకు కొలతలు లేవు. గరిటెతో ఎత్తి, జారే తీరు చూసి, "హా, అయింది" అనేవాడు, అది అయ్యే ఉండేది. టైఫాయిడ్ నుంచి లేచి మూడు వారాలైనా కాకుండా ఉద్యోగంలో చేరిన నన్ను చూసి మొదటి రోజే "దుబ్లే" అని పేరు పెట్టాడు. బక్కవాడా అని. నా చొక్కాలో నాలాంటివాడు ఇంకొకడు కూడా పట్టేవాడు కాబట్టి నేనేమీ అనుకోలేదు.

సేట్‌జీ మాత్రం చేరిన రోజున నాకు నాలుగే మాటలు చెప్పారు. పై గదిలో వాళ్ల ఇలవేల్పు ఉన్నాడు, అది గుర్తుపెట్టుకొమ్మన్నారు. ఆ తర్వాత వేలు చూపిస్తూ, "పని రాకపోతే నేర్పిస్తం. ఆలస్యమైతే తిడతం. గుడ్డో మాంసమో గేటు దాటి లోపటికొస్తే మాత్రం మళ్ల మొకం సూపియ్యొద్దు" అన్నారు. చాచా ఇరవై ఏళ్లుగా ఆ మాట దాటలేదు. మధ్యాహ్నం ఇంటికెళ్లి తిని, నోరు పుక్కిలించి, ఒక యాలక్కాయ నములుతూ తిరిగొచ్చేవాడు. ఆయనే అంత నిష్ఠగా ఉంటే నేనెంత అనుకుని గట్టిగా తలూపాను.

ఇంటికెళ్లేసరికి అమ్మ డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చి ఉంది. పిల్లవాడికి రక్తం పట్టాలంటే రోజూ మధ్యాహ్నం అన్నంతో పాటు రెండు కోడిగుడ్లు పడాల్సిందేనని ఆయన చెప్పాడట. నాకు గుడ్డు పెద్దగా ఇష్టం లేదు. అమ్మకు ఆ సంగతి తెలుసు. "కళ్లు మూసుకుని మింగెయ్యి నాయనా, మందనుకో" అంది. సేట్‌జీ నియమం సంగతి అమ్మకు చెప్పి ఉండాల్సింది. చెబితే, తిండి తిననివ్వని ఉద్యోగం నీకెందుకురా అని మాన్పించేస్తుందని భయం. పోనీ గుడ్లు తీసుకెళ్లి దారిలో పారేద్దామా అంటే, టైఫాయిడ్‌లో నెల పైన నా మంచం పక్కన కూర్చుని కునుకు తియ్యని మనిషి ఉడకబెట్టి, చేతులతో ఒలిచి ఇచ్చిన గుడ్లు అవి. వాటిని మూసీలో పడేసే ధైర్యం కూడా నాకు లేకపోయింది. కాబట్టి పిరికివాళ్లందరూ చేసే పనే చేశాను. ఇద్దరికీ సరేనన్నాను.

ఇక్కడ నా తెలివి చెప్పుకోవాలి. సంచులూ టిఫిను డబ్బాలూ కింద గేటు దగ్గర అందరికీ కనిపించే బల్ల మీద పెట్టాలి. అందుకని గుడ్లను ఒక కొత్త సబ్బు పెట్టెలో పెట్టమని అమ్మను అడిగాను. చూసినవాళ్లు చేతులు కడుక్కునే సబ్బనుకుంటారని నా ఎత్తు. (అమ్మ ఒక నిమిషం నా మొహంలోకి చూసి, జ్వరం తిరగబెట్టలేదు కదా అని నుదురు ముట్టుకుంది.) సబ్బు పెట్టెకు నీళ్లు కారడానికి అడుగున నాలుగు చిల్లులుంటాయి. ఆ చిల్లుల సంగతి తర్వాత వస్తుంది. ఆ పెట్టెను చొక్కా లోపల దోపుకుని, కడుపులో నొప్పి ఉన్నవాడిలా వంగి మెట్లెక్కి, బీరువాలో దాచేవాణ్ని. సాయంత్రం అయిదున్నరకు తీసి, పురానాపూల్ దర్వాజా నీడలో గోడవైపు మొహం పెట్టి మింగేవాణ్ని. ఇంటికెళ్లగానే అమ్మ "రెండూ తిన్నావా?" అనేది. తిన్నానమ్మా అనేవాణ్ని. అబద్ధం కాదు కదా.

ఆ బీరువా మామూలు బీరువా కాదు. దుమ్ము, చెమ్మ, మూసీ వాసన లోపలికి రాకుండా తలుపు అంచులన్నిటికీ సైకిలు ట్యూబు కోసి అంటించిన ఇనప బీరువా. తలుపు వేస్తే చీమ దూరదు. తాళం నా దగ్గరే ఉండేది. ఎందుకంటే కంపెనీ భవిష్యత్తంతా అందులోనే ఉంది. పసిపిల్లల్ని తూచే యంత్రాలు తయారుచేసే కంపెనీ ఒకటి మా కీప్యాడ్లు తీసుకుంటామంది. అయితే ఒక షరతు పెట్టింది. ఇన్ని వేలసార్లు నొక్కాక కూడా కీప్యాడు ఎలా ఉందో రోజురోజుకీ కొలిచి రిజిస్టరులో రాసి చూపించాలి. కొలవాల్సింది రెసిస్టెన్సు, అంటే కరెంటు దారిలో ఎంత అడ్డు ఉందో. తక్కువుంటే మంచిది. కొత్త చెప్పు మొదట కరిచి, తర్వాత కాలికి అలవాటై, చివరికి అరిగిపోయినట్టే ఈ వెండి కూడా. మొదట్లో నొక్కగా నొక్కగా గరుకు పోయి అడ్డు కాస్త తగ్గుతుంది, కొన్నాళ్లు నిలకడగా ఉంటుంది, ఆ తర్వాత వెండి అరిగి, పగుళ్లిచ్చి, అడ్డు పెరగడం మొదలవుతుంది. ఆ పెరగడం ఎప్పుడన్నదే ప్రశ్న.

దానికోసం చాచా పన్నెండు కీప్యాడ్లు అచ్చువేశాడు. ఆరింటిని కుట్టుమిషను మోటారుతో చేసిన ఒక యంత్రం పొద్దున్నుంచి సాయంత్రం దాకా టకటకా నొక్కుతూ ఉండేది. పోల్చి చూడడానికి మిగతా ఆరింటినీ ఎవరూ ముట్టకుండా బీరువాలో ఉంచాలి. నొక్కించుకునేవాటికి నేను కూలీలని, బీరువాలో కూర్చున్నవాటికి జమీందార్లని పేరు పెట్టుకున్నాను. రోజూ పదింటికి ఒక్కొక్కదాని మీద ఇత్తడి తూకపు రాయి ఒకటి పెట్టి, మీటరు తగిలించి, వచ్చిన అంకెను సిరా పెన్నుతో రిజిస్టరులో రాయడం నా పని. పెన్సిలు వాడకూడదని సేట్‌జీ ఆజ్ఞ.

మూడు వారాలు అంతా బాగానే నడిచింది. కూలీలు చెప్పినట్టే నడుచుకున్నారు. జమీందార్ల అంకెలు మాత్రం ఒకటీ అరా చొప్పున పైకి పాకుతుంటే చలికాలం వల్ల కాబోలని సరిపెట్టుకున్నాను. ఒక శనివారం మధ్యాహ్నం సేట్‌జీ నన్ను ఏదో యంత్రం చూసి రావడానికి వెంటబెట్టుకుని బయటికి తీసుకెళ్లి, అటునుంచి అటే ఇంటికి పొమ్మన్నారు. సబ్బు పెట్టె బీరువాలోనే ఉండిపోయింది. ఆదివారమంతా నాకు ముద్ద దిగలేదు. సోమవారం అందరికన్నా ముందు వెళ్లి తలుపు తెరిస్తే వచ్చిన వాసనను మర్యాదగా వర్ణించడం నా వల్ల కాదు. గుడ్లు తీసి పేపర్లో చుట్టి బయట పారేసి, కిటికీలు తెరిచి, బీరువా లోపల రెండు అగరొత్తులు వెలిగించాను. అప్పుడే పైకి వచ్చిన సేట్‌జీ అది చూసి, పని మొదలుపెట్టే ముందు ఇంత భక్తి ఉన్న పిల్లవాణ్ని చూడలేదని చాచాతో చెప్పి మెచ్చుకున్నారు. నాకు చెమటలు పోశాయి.

పదింటికి కొలవడం మొదలుపెట్టాను. కూలీలు బాగానే ఉన్నారు. మొదటి జమీందారు మీద రాయి పెట్టాను, మీటరు ముల్లు ఎప్పుడూ నిలబడే చోటు దాటి ఇంకా ముందుకు పోయింది. తీసి మళ్లీ పెట్టాను. ఈసారి ముల్లు ఒకచోట నిలవకుండా వణికింది. రెండో జమీందారూ అంతే. ఆరుగురూ అంతే. శనివారం ఉన్నదానికి దాదాపు మూడింతలు. మీటరు బ్యాటరీ మార్చాను, తీగలు తుడిచాను, రాయిని కూడా చొక్కాతో తుడిచాను. అయినా అదే. వేలాదిసార్లు దెబ్బలు తిన్న కూలీలు నిక్షేపంగా ఉంటే, కాలు మీద కాలేసుకుని కూర్చున్న జమీందార్లు జబ్బుపడడం ఏ పుస్తకంలోనూ లేదు. తాళం నా దగ్గరే ఉంది కాబట్టి ఏం జరిగినా నా చేతుల్లోనే జరిగిందని మాత్రం అర్థమైంది. పై ప్రాణాలు పైనే పోయాయి. పెన్ను తీసి రిజిస్టరులో శనివారం నాటి అంకెలే మళ్లీ రాసేశాను. నిజం అంకెలు బస్సు టిక్కెట్టు వెనక పెన్సిలుతో రాసి జేబులో పెట్టుకున్నాను (అబద్ధమాడడానికి కూడా నాకు పూర్తి ధైర్యం లేదు). మంగళవారమూ అదే, బుధవారమూ అదే. మనిషి ఒకసారి భయపడి రాస్తే, రెండోసారి మొదటిదానికి భయపడి రాస్తాడు. గుడ్లను మాత్రం బీరువాలో పెట్టడం మానేసి పొద్దున్నే దర్వాజా గోడ దగ్గరే మింగడం మొదలుపెట్టాను. అది వాసన భయంతోనే గానీ తెలివితో కాదు.

గురువారం సేట్‌జీ వచ్చి, వచ్చేవారం ఆ తూకపు యంత్రాల కంపెనీ నుంచి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు, ఒకసారి నా ముందర కొలవండి అన్నారు. నేను రాయి పెట్టాను, చాచా మీటరు చూసి అంకె చదివాడు. కూలీలు అయ్యాక జమీందార్ల దగ్గరికొచ్చేసరికి చాచా ఆగి, కళ్లద్దాలు తుడుచుకుని, మళ్లీ చూసి, మెల్లగా చదివాడు. సేట్‌జీ రిజిస్టరు తిప్పి చూశారు. నిన్నటిదాకా మంచిగానే ఉన్నాయి కదా అని నన్ను అడిగారు. దొంగకు తేలు కుట్టినట్టయింది. తలూపాను.

సేట్‌జీ తెలివైన మనిషి. ఉన్న ఆధారాలతో లెక్క సరిగ్గానే కట్టారు. మీటరు తప్పు కాదు, కూలీల అంకెలు బాగున్నాయి. బీరువా తప్పు కాదు, అంత బందోబస్తుగా ఉంది. కూలీల ఆరింటినీ చాచా పొద్దున కలిపిన ఇంకుతో వేశాడు, జమీందార్లను నమాజు నుంచి వచ్చాక మళ్లీ కలిపిన ఇంకుతో వేశాడు. ఆ రెండో కలపడంలో తేడా వచ్చింది, అందుకే ఒక్కసారిగా పాడయ్యాయి. పైగా చాచా కళ్లు కొన్నాళ్లుగా మందగిస్తున్నాయని అందరికీ తెలుసు. సేట్‌జీ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "చాచా, సోమవారం సంది కొత్త మనిషిని చూస్త. నువ్వు కింద గోదాంల కూసో, మూటలు కట్టిపిచ్చు. నీకు జీతం తక్వ చెయ్య" అన్నారు. చాచా ఇంకు గరిటెను గుడ్డతో తుడిచి, ఎప్పటి చోటులోనే తగిలించి, నావైపు తిరిగి, "నా చెయ్యే తప్పిందేమో బేటా. ఉమర్ అయింది గదా" అన్నాడు, వయసు మీద పడిందని. తప్పు చాచాది కాదని నాకు తెలుసు, కనీసం మూడు రోజుల అబద్ధం నాదని తెలుసు. అయినా మాట్లాడలేదు. ఆ సిగ్గు ఇవాళ్టికీ పోలేదు.

ఆదివారం పొద్దున అమ్మ వెండి సామాను తోమి ఆరబెట్టింది. అందులో నా అన్నప్రాశన నాటి వెండి చెంచా ఉంది. నా ముందు గుడ్డు పెడితే, పరధ్యానంలో చేతికందిన ఆ చెంచాతోనే పొడిచాను. అమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చి చెంచా లాక్కుంది. "వెండి చెంచా గుడ్డులో పెడతార్రా ఎవరైనా? నల్లబడి చస్తుంది. మళ్లీ చింతపండు వేసి తోమలేక నా చేతులు పడిపోవాలి" అంది. నేను గుడ్డు ముక్క నోట్లో పెట్టుకుని అలాగే ఉండిపోయాను. వెండి. గుడ్డు. అడుగున చిల్లులున్న సబ్బు పెట్టె. బయటి గాలి చొరబడని, లోపలి గాలి బయటికి పోని బీరువా. అందులో రోజంతా ఊపిరి పీలుస్తూ కూర్చున్న ఆరుగురు జమీందార్లు. (కీప్యాడు నొక్కితే లోపలి గాలి పోవడానికి ఒక సన్నటి దారి ఉంటుంది, లేకపోతే పూరీలా ఉబ్బుతుంది. గాలి ఆ దారినే లోపలికీ వెళుతుంది.) కూలీలు పగలంతా బయట పనిలో ఉన్నారు, సాయంత్రం వాళ్లు బీరువాలోకి చేరేసరికి గుడ్లు నా కడుపులో ఉండేవి. ఆ శనివారం ఒక్కనాడు కూలీలను కూడా లోపల పెట్టకుండా యంత్రం మీదే వదిలేసి వెళ్లాను. గుడ్డులోంచి వచ్చే గంధకపు వాయువు వెండిని నల్లబరుస్తుందని చదువుకున్న డిప్లొమాకు తట్టనిది, అమ్మ ఒక్క తిట్టుతో చెప్పేసింది.

తెలిసినందుకు సంతోషం ఒక్క నిమిషమే. చాచాను కాపాడాలంటే గుడ్డు సంగతి చెప్పాలి. గుడ్డు సంగతి చెబితే మళ్లీ మొహం చూపించకూడదు. పైగా నా ఉద్యోగం పోయిందని అమ్మకు చెప్పాలంటే ఎందుకు పోయిందో చెప్పాలి, ఎందుకో చెబితే ఆమె ఒలిచిన గుడ్లే కారణమని చెప్పాలి. సోమవారం బస్సు దిగి వంతెన మధ్యలో ఆగిపోయాను. మూసీ పొంగాలని కోరుకున్నది ఆ పొద్దునే. అది ఎప్పట్లాగే చీలమండ లోతున పారుతోంది, నా మొర వినేలా లేదు. రెండుసార్లు వెనక్కి తిరిగాను. రెండోసారి తిరిగినప్పుడు, గల్లీలోంచి చాచా వస్తూ కనిపించాడు. పైకి వెళ్లే వేళకు కాదు, గోదాము తెరిచే వేళకు వస్తున్నాడు. ఆయన వెనకే నడిచి గేటు దాటాను.

సేట్‌జీ గోదాములోనే ఉన్నారు. నేను చెప్పడం మొదలుపెట్టింది సబ్బు పెట్టెతో, అందుకని ఆయనకు చాలాసేపు ఏమీ అర్థం కాలేదు. సబ్బుకేమైంది అన్నారు. సబ్బు కాదండీ, గుడ్లు అన్నాను. గోదాములో మూటలు కట్టేవాళ్లు చేతులు ఆపేశారు. అమ్మ, డాక్టరు, సబ్బు పెట్టె, శనివారం, అగరొత్తులు, వెండి చెంచా, అన్నీ ఒకదానిమీద ఒకటి పడేట్టు చెప్పేసి, చాచా ఇంకులో తప్పు లేదండీ అని ముగించాను. అగరొత్తుల మాట దగ్గర సేట్‌జీ మొహం ఎర్రబడింది. పైకప్పు వైపు, అంటే ఇలవేల్పు వైపు చూశారు. నేను గేటు వైపు చూశాను. చివరికి ఆయన అడిగింది నేను అనుకున్నది కాదు. "గిదంత నిజమని ఎట్ల తెలుస్తది? చాచాను కాపాడనీకి కత చెప్తున్నవేమో" అన్నారు.

రుజువు చెయ్యాలంటే ఒకటే మార్గం. కొత్త కీప్యాడ్లు తీసుకుని, గుడ్డుతో కలిపి డబ్బాలో పెట్టి చూడాలి. కానీ గుడ్డు గేటు దాటకూడదు. కంపెనీని కాపాడే పరీక్ష కంపెనీలో చెయ్యడానికి లేదు. సేట్‌జీ గడ్డం గోక్కుంటూ నిలబడితే, చాచా, "మా ఇంట్ల జేద్దాం సేట్" అన్నాడు. అలా రెండు గల్లీల అవతల చాచా ఇంటి వసారాలో, రెండు బిస్కెట్ల రేకు డబ్బాలు పెట్టాం. రెండింటిలోనూ ఒకే ఇంకుతో వేసిన కొత్త కీప్యాడ్లు. ఒకదానిలో మాత్రం సబ్బు పెట్టె, అందులో రెండు గుడ్లు. మూసిన డబ్బాలను గడప బయటికి తెప్పించుకుని, సేట్‌జీ తమ చేతులతో మూతలకు లక్క ముద్ర వేశారు. నా జీవితంలో ఆ రెండు రోజులంత పొడుగైనవి లేవు. నా గుడ్లు పనిచెయ్యకపోతే చాచా గోదాములో, నేను వీధిలో.

బుధవారం పొద్దున సేట్‌జీ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని చాచా గడప బయటే నిలబడ్డారు. నేను గుడ్డు లేని డబ్బా కీప్యాడు మీద రాయి పెట్టాను. ముల్లు మర్యాదగా తన చోటులో నిలబడింది. గుడ్డు డబ్బా తెరిచేసరికి సేట్‌జీ గల్లీలో నాలుగడుగులు వెనక్కి వేశారు. రాయి పెట్టాను. ముల్లు పరుగెత్తింది. చాచా రేకును ఊడదీసి, లోపలి వెండిని వెలుతురుకు పట్టి సేట్‌జీకి చూపించాడు. పసుపు, గోధుమ రంగు కలిసిన మచ్చలు. "నా చెయ్యి కాదు సేట్" అన్నాడు. అంతే అన్నాడు. సేట్‌జీ రుమాలు తీసేసి, గడప లోపలికి వచ్చి, చాచా భుజం మీద చెయ్యి వేశారు.

ఇక నన్ను క్షమించేస్తారని సంబరపడుతుంటే, కంపెనీకి రాగానే రిజిస్టరు తెమ్మన్నారు. ఆ మూడు రోజుల పేజీ తెరిచి నా ముందు పెట్టారు. "గుడ్డు మీ అమ్మ ఇచ్చింది. గీ అంకెలు ఎవలు ఇచ్చిన్రు?" అన్నారు. జేబులోంచి బస్సు టిక్కెట్లు తీసి చూపించాను. ఆ పేజీ చింపి కొత్తగా రాస్తానన్నాను. సేట్‌జీకి అప్పుడు నిజంగా కోపమొచ్చింది. మా తాత కాలం నుంచి మా ఇంట్లో ఏ పుస్తకంలోనూ చింపడం, కొట్టెయ్యడం లేదన్నారు. తప్పు రాస్తే, అది తప్పని పక్కనే రాసి, సంతకం పెట్టడమే. కూర్చుని రాశాను. పై అంకెలు అబద్ధమని, భయపడి రాశానని, నిజమైనవి ఇవని, కారణం రెండు ఉడకబెట్టిన కోడిగుడ్లని. సంతకం పెడుతుంటే సిరా బొట్టు పడింది. ఆ బొట్టు పక్కన కూడా, ఇది కేవలం బొట్టు అని రాయించారు. ఇన్‌స్పెక్టరుకు ఇదే చూపిస్తామని చెప్పి, గుడ్డుకు శిక్షగా నెలరోజులు పై గది మెట్లు కడగమన్నారు. మెట్లకు నేను భయపడలేదు. ఇన్‌స్పెక్టరును తలుచుకుంటే మాత్రం కడుగుతున్న మెట్టు కళ్ల ముందు తిరిగేది.

ఇన్‌స్పెక్టరుగా వచ్చినాయన నాన్నగారి వయసువాడు. రిజిస్టరు పేజీ పేజీ తిప్పుతూ వచ్చి అక్కడ ఆగాడు. కళ్లద్దాలు తీసి మళ్లీ పెట్టుకుని చదివాడు. ఇది రాసింది ఎవరని అడిగితే చెయ్యి పైకెత్తాను, బళ్లో పిల్లాడిలా. మిగతా పేజీల్లో ఇలాంటివి ఇంకేమైనా ఉంటే ఇప్పుడే చెప్పమన్నాడు. లేవండీ అన్నాను. ఆయన తలూపి, "ఇది రాసినవాడు లేవంటే లేనట్టే" అని పేజీ తిప్పాడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. తర్వాత ఆయన అడిగినవన్నీ సూటి ప్రశ్నలు. ఆస్పత్రుల్లో, వాటి వంటగదుల దగ్గర, మురుగుకాలవల పక్కన ఉండే యంత్రానికి ఈ వెండి నిలుస్తుందా అన్నాడు. జవాబు చాచా చెప్పాడు. వెండి మీద బొగ్గుపొడి కలిపిన నల్ల ఇంకు ఒక పూత వేద్దామన్నాడు, దానిలోంచీ కరెంటు పారుతుంది. "ముందే నల్లగున్నదాన్ని ఇంకెవరు నల్లగ జేస్తరు సాబ్?" అన్నాడు. వేసి చూశాం. అడ్డు మొదట్లో కాస్త ఎక్కువే గానీ ఉన్నచోటే ఉంది, గుడ్డుకూ చలించలేదు, మూసీ గాలికీ చలించలేదు. ఆర్డరు వచ్చింది. చాచా ఇంకు గరిటె ఆయన చేతిలోనే ఇంకా చాలా ఏళ్లు ఉంది.

నా గుడ్ల సమస్య కూడా చాచాయే తీర్చాడు. మధ్యాహ్నం తనతో పాటు ఇంటికి తీసుకెళ్లి, వసారాలో కూర్చోబెట్టి, ఉప్పూ మిరియాలపొడీ చల్లి పెట్టించేవాడు. వచ్చేటప్పుడు నాకూ ఒక యాలక్కాయ ఇచ్చేవాడు. అమ్మ సాయంత్రం "రెండూ తిన్నావా?" అంటే తిన్నానని కళ్లలోకి చూసి చెప్పేవాణ్ని. సేట్‌జీ సంగతి, రిజిస్టరు సంగతి ఆమెకు చివరిదాకా చెప్పలేదు. చెప్పి ఉంటే, నా చెంచా గొప్పదనం చూశారా అని చుట్టాలందరికీ ఉత్తరాలు రాసేది. ఆ సంతోషం ఆమెకు దక్కనివ్వలేదే అని ఇప్పుడు బాధేస్తుంది.

చాచా లేడు, సేట్‌జీ లేరు, అమ్మా లేదు. ఆ పన్నెండింటిలో ఒక జమీందారు మాత్రం నా బల్ల సొరుగులో ఉన్నాడు, నల్లగా. ఎప్పుడైనా మీటరు తగిలించి నొక్కుతాను. గట్టిగా నొక్కితే పలుకుతాడు, మెల్లగా నొక్కితే పలకడు. ఈ వయసులో నేనూ అంతే. మొన్న డాక్టరు నా రక్తం కాగితాలు చూసి, ఇకమీదట పచ్చసొన మానెయ్యమన్నాడు. నిజానికి వెండిని నల్లబరిచే గంధకం ఎక్కువుండేది తెల్లసొనలోనే. ఆ సంగతి తెలియని ఆ కుర్ర డాక్టరు, "తెల్లసొన మాత్రం నిర్భయంగా తినండి సార్" అన్నాడు. నేను నవ్వాను. ఎందుకు నవ్వుతున్నానో ఆయనకు అర్థం కాలేదు. ఇంటికొచ్చి, రెండు గుడ్లు ఉడకబెట్టి, ఒలిచి, పచ్చసొన తీసేసి, తెల్లసొన నోట్లో పెట్టుకునే ముందు, ఎందుకో తెలియదు, ఒకసారి గోడవైపు తిరిగాను.